నాలుగో రియాక్టర్ వెనక్కి తిరిగిన మూడు వారాలు

మొన్న రాజాంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. పిల్లలకి నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి లేచి, "మేడమ్, రియాక్టర్లు ఎన్ని రకాలు?" అని అడిగింది. పాపం, పరీక్షకి పనికొస్తుందని అడిగింది. మూడు పేర్లు చెప్పాను, రాసుకుంది. తిరుగు బస్సెక్కాక ఆలోచిస్తే, ఆ మూడు పేర్లూ నా ఉద్యోగంలో నన్ను ఒక్కసారి కూడా ఒడ్డున పడెయ్యలేదని తోచింది. పడేసినవాడు వేరే. ఆ సంగతి చెప్పడానికి ఆరోజు టైము చాలలేదు.

నా పేరు కరుణ. మాది నరసన్నపేట. మందుల తయారీకి కావాల్సిన రసాయనాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీరుగా చేసి, పోయినేడు రిటైరయ్యాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను. హైవే పక్కనే ఉండేది, చేతులు మారి పేరు కూడా మారిపోయింది. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎందుకు రాలేదు అనేది ఇందులో ఉండదు. నేను చేసిన ఒక పెద్ద పొరపాటు ఉంటుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి దానివల్లే ఎక్కువ లాభం.

ఆ మూడు రకాలు

రియాక్టర్ అంటే భయపడక్కర్లేదు. ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంగా మార్చే పాత్ర, అంతే. పదార్థాలన్నీ ఒకేసారి వేసి, ఉడికించి, దించి, కడిగి, మళ్ళీ వేస్తే అది బ్యాచ్ రియాక్టర్. మా అమ్మ పప్పు వండినట్టు.

రెండోది ఎడతెగకుండా నడిచేది. ఒకవైపు పోస్తూనే ఉంటారు, లోపల కలుపుతూనే ఉంటారు, ఇంకోవైపు తీస్తూనే ఉంటారు. బస్టాండులో టీ కొట్టువాడు గిన్నె దించకుండా పాలు పోస్తూ, డికాషన్ పోస్తూ, టీ తీస్తూ ఉంటాడే, అదీ. సదుపాయమే గానీ అందులో చిక్కుంది. ఇప్పుడే పోసిన పాలలో కొన్ని చుక్కలు మరక్కుండానే మీ గ్లాసులోకి వచ్చేస్తాయి. అందుకే ఒకటి చాలక, అలాంటి పాత్రలు రెండో మూడో వరసగా పెడతారు.

మూడోది గొట్టం. ఈ కొసన వెళ్ళింది ఆ కొసకి చేరేలోపు మారిపోతుంది. ముందు వెళ్ళింది ముందు, వెనక వెళ్ళింది వెనక వస్తుంది. మనం బస్సు మెట్ల దగ్గర తోసుకున్నట్టు తోసుకోవు.

ఏడాదంతా ఒకే సరుకు చేసే ఎరువుల ఫ్యాక్టరీకి రెండోదీ మూడోదీ నప్పుతాయి. మాలాగ ఈ నెల జ్వరం మందుకి, వచ్చే నెల దగ్గు మందుకి రసాయనం చేసేవాళ్ళకి బ్యాచే దిక్కు. మా ఫ్యాక్టరీలో ఆరు బ్యాచ్ రియాక్టర్లుండేవి. ఈ కథ నాలుగోదానిది.

పెళ్ళి సాంబారు

మా వర్క్స్ మేనేజర్ విశ్వనాథం గారు కృష్ణా జిల్లా మనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల కారు. రసాయనాల ఫ్యాక్టరీలో తెల్ల బట్టలు కట్టే మనిషి ధైర్యవంతుడైనా అయ్యుండాలి, ప్లాంటు లోపలికి రానివాడైనా అయ్యుండాలి. ఆయన రెండో రకం. మనసు మాత్రం మంచిది. ఆయనతో నాకున్న పేచీ అంతా ఒకటే. ల్యాబులో చేసినదాన్ని ప్లాంటులో చెయ్యడం గుణకారమని ఆయన నమ్మకం.

"లీటరు ఫ్లాస్కులో గంటలో అయింది కదమ్మా. నాలుగు వేల లీటర్లంటే అన్నీ నాలుగు వేలతో హెచ్చవెయ్యండి. టైము మాత్రం ఆ గంటే!"

ఆయనకి పెళ్ళి సాంబారు గుర్తుచేశాను. ఇంట్లో గిన్నెడు సాంబారు మనం చెయ్యి కడుక్కొచ్చేలోపు చల్లారుతుంది. పెళ్ళిలో గుండిగెడు సాంబారు మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా నాలిక కాలుస్తూనే ఉంటుంది. వేడి బయటికి పోయేది గిన్నె గోడల్లోంచి. పాత్రని ప్రతి వైపూ పదింతలు పెంచితే లోపలి సరుకు వెయ్యింతలవుతుంది, గోడలు మాత్రం వందింతలే అవుతాయి. పుట్టే వేడికీ పోయే వేడికీ పొంతన ఉండదు. రియాక్టర్ డిజైనులో సగం చదువు ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది. పాత్రకి జాకెట్ తొడిగి అందులో చల్లనీళ్ళు పంపినా, పైన కండెన్సర్ పెట్టి ఆవిరిని మళ్ళీ నీళ్ళు చేసినా దీనికోసమే.

నాలుగో రియాక్టర్‌లో మేము చేసేది వేడి పుట్టించే పనే. నీళ్ళలో ఇనపపొడి, కొంచెం ఆమ్లం వేసి కాచి, పైనుంచి నైట్రో అనే నూనెలాంటి పదార్థం పోస్తాం. ఇనుము దాన్ని మార్చేసి, తను నల్లటి మడ్డిగా మిగులుతుంది. నైట్రో అంతా ఒకేసారి కుమ్మరిస్తే పాత్ర ఆ వేడికి ఆగదు. అందుకని ఎనిమిది గంటలపాటు సన్నధారగా పోయించేలా నేను డిజైను చేశాను. పోసింది పోసినట్టే మారిపోవాలి, లోపల పేరుకోకూడదు. ఇదీ సూత్రం. విశ్వనాథం గారు సాంబారు మాటకి నవ్వి, ఎనిమిది గంటలకి ఒప్పుకున్నారు. రెండేళ్ళు హాయిగా నడిచింది.

ఇంకో అయిదు డిగ్రీలు

ఒక వేసవిలో బ్యాచ్‌లు మొరాయించాయి. ఎనిమిది గంటలకి అయిపోవాల్సింది ఇరవై గంటలైనా అవదు. ల్యాబుకి పంపితే నైట్రో ఇంకా మిగిలే ఉంది అంటారు.

విశ్వనాథం గారి దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మందు. "ఇంకో అయిదు డిగ్రీలు పెంచండి." పెంచాం. రెండోసారీ అదే అన్నారు, పెంచాం. మూడోసారి నేను, "సార్, నీళ్ళు నూరు డిగ్రీలకి మరిగిపోతాయి. పెంచడానికి ఇంక డిగ్రీలు లేవు," అన్నాను. ఆయన నన్ను, డిగ్రీలు నేనే ఎక్కడో దాచేసినట్టు చూశారు.

తర్వాత ఇనపపొడి అమ్మేవాణ్ణి మార్చాం. బోరు నీళ్ళు మానేసి ట్యాంకర్ నీళ్ళు వాడాం. వాస్తు చూసే ఆయన్ని పిలిపిస్తే, దోషం క్యాంటీన్ తలుపులో ఉందన్నాడు. తలుపు పడమటి నుంచి తూర్పుకి మార్చారు. బ్యాచ్ మారలేదు గానీ, తలుపు వంటగదికి దగ్గరైనందువల్ల ఇడ్లీలు వేడిగా రావడం మొదలైంది. మా అమ్మ నా మొహం చూడలేక, బాప్టిస్టు చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూటానికి చీటీ పంపింది, నాలుగో రియాక్టర్ స్వస్థత కోసమని. పాస్టరు గారు చదివి, "వారు ఏ ఆసుపత్రిలో ఉన్నారమ్మా?" అని అడిగారట.

అసలు జబ్బేమిటో మొదటి వారంలోనే ఒకాయన నాకు చెప్పాడు. నేను వినలేదు.

ఆయన అప్పలనాయుడు, మా సీనియర్ ఆపరేటర్. రాజాం దగ్గర పల్లె, వరి పండించే కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్ద. రియాక్టర్ గోడకి చెయ్యానించి నిలబడేవాడు, పశువు ఒంటిమీద చెయ్యేసినట్టు.

"అమ్మా, ఇది ఎనక్కి తిరగతన్నాది," అన్నాడు.

"ఏది?"

"లోపల కలిపేది. స్టిర్రరు. మోటారు కాలిపోతే తీసికెళ్ళి వైండింగు సేయించి బిగించినారు కదా, అప్పట్నించీ."

"నీకెలా తెలుసు?"

"సప్పుడు మారిపోనాది. ఇదివరకు అడుగున ఇనపపొడి గరగరమని రాసుకునీది. ఇప్పుడా గరగర నేదు. మా ఇంటిది కోపమొచ్చి మాటాడ్డం మానీసినట్టున్నాది."

నేను ఆఫీసులోంచి డ్రాయింగ్ తెచ్చి ఆయన ముందు పరిచాను. అందులో స్టిర్రర్ రెక్కలు నిటారుగా ఉన్నాయి. నిటారు రెక్కలు ఎటు తిరిగినా ఒకటే అని పావుగంట పాఠం చెప్పాను.

ఓపిగ్గా విని, "కాయితంలో బాగున్నాదమ్మా," అన్నాడు. "లోపల ఏటున్నాదో ఎప్పుడేనా సూసినారేటి?"

చూడలేదు. ఆ మాట దాటేసి, మోటారు మీద తిరగాల్సిన దిక్కుకి బాణం గుర్తుంటుంది కదా అని వెళ్ళి చూశాను. ఎవరో పెద్దవాళ్ళు తనిఖీకి వస్తున్నారని నెల కిందట ప్లాంటంతా ఆకుపచ్చ రంగేశారు. బాణం మీద కూడా. చాలా నీటుగా వేశారు.

గాలి రాని ఫ్యాను

మూడో వారం ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం హాల్లో పడుకున్నాం. ఆ ముందురోజే మా ఆయన సీలింగు ఫ్యానుకి వైండింగు చేయించి తెచ్చారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. పని జరిగిందంటే జరిగినట్టే ఆయనకి.

మా అత్తగారు విసనకర్రతో విసురుకుంటూ, "ఒరే, ఫ్యాను వెయ్యరా," అన్నారు.

"వేసే ఉందమ్మా. తిరుగుతోంది చూడు."

"తిరగతన్నాది, నానూ సూస్తన్నాను. గాలేదీ?"

నేను లేచి కూర్చున్నాను. ఫ్యాను జోరుగా తిరుగుతోంది. కింద కాయితం కదలడం లేదు. రెక్కలు వాలుగా ఉంటాయి కదా, సరిగ్గా తిరిగితే గాలిని కిందకి తోస్తాయి. రివర్సులో తిరిగితే గాలి పైకప్పుకి తగులుతుంది, కింద మనిషికి చెమట మిగులుతుంది. వైండింగు చేసినవాడు తీగలు తారుమారు చేశాడు.

వెంటనే, మా నాలుగో రియాక్టర్‌ని పెట్టినప్పుడు పనిచేసిన ఫిట్టర్‌కి ఫోన్ చేశాను. "రెక్కలాండీ? మొదట్లో నిటారువే. ఇనుము అడుగున ఉండిపోతందని తరవాత వాలు రెక్కలు ఏసీసినాం. డ్రాయింగు మార్చనేదేటి?" అన్నాడు.

వాలు రెక్కలు సరిగ్గా తిరిగితే నీళ్ళని కిందకి తోసి, అడుగున ఉన్న ఇనపపొడిని ఊడ్చి పైకి లేపుతాయి. వెనక్కి తిరిగితే పైపైన కలుపుతాయి. ఇనుము అడుగున, నైట్రో పైన, మధ్యలో మూడు వారాలుగా మేము. అప్పలనాయుడు చెవితో విన్నది నేను డ్రాయింగుతో కొట్టిపారేశాను. సిగ్గేసింది. మరుక్షణంలో సిగ్గు పోయి, జబ్బు కనిపెట్టింది నేనేనని సంబరం వచ్చింది. తర్వాత జరిగినదంతా ఆ సంబరం చేసిన పనే.

సోమవారం

ఫ్యాక్టరీ బస్సు దిగి, టిఫిన్ కూడా చెయ్యకుండా ప్లాంటులోకి పరిగెత్తాను. ఎలక్ట్రీషియన్ సింహాద్రిని వెంటబెట్టుకుని మెట్లెక్కాను. నాలుగో దాంట్లో బ్యాచ్ నడుస్తోంది. నైట్రో పొయ్యడం మొదలై అయిదు గంటలయింది.

"అప్పలనాయుడూ, నువ్వన్నది నిజమే. రివర్సులోనే తిరుగుతోంది. సింహాద్రీ, స్టిర్రర్ ఆపి రెండు తీగలు తారుమారు చెయ్యి. అయిదు నిమిషాల పని."

సింహాద్రి మోటారు ఆపి పని మొదలెట్టాడు. అప్పలనాయుడి మొహంలో నేననుకున్న సంతోషం కనబడలేదు.

"ఇప్పుడొద్దమ్మా. ఈ బ్యాచి ఇలాగే పోనీండి. తరవాతదానికి మార్చుకుందుము."

"ఎందుకు?"

"ఐదు గంటల్నించీ పోస్తన్నాం. పోసింది మారనేదు. ఇనుమంతా అడుగునున్నాది. ఇప్పుడు మీరు ఒక్కపాలి సరిగ్గా తిప్పినారంటే రెండూ కలిసిపోతాయి కదేటి?"

పోసింది పోసినట్టే మారిపోవాలి, పేరుకోకూడదు. ఆ సూత్రం రాసింది నేను. రాసిన మనిషికి గుర్తు చేస్తున్నవాడు పదో తరగతి దాటలేదు. నాకు మాత్రం గేటు అవతల నుంచి విశ్వనాథం గారి కారు హారన్ వినపడింది. ఆయన వచ్చేసరికి రియాక్టర్ సరిగ్గా తిరుగుతుండాలని మనసులో పడిపోయింది.

"ఏమీ కాదు," అన్నాను.

ఆయన వాదించలేదు. నైట్రో వాల్వు కట్టేశాడు. జాకెట్లోకి చల్లనీళ్ళు మొత్తం తిప్పేశాడు. అక్కడున్న నలుగురు మనుషుల వైపు చూసి, "ఒరే, దిగండి," అన్నాడు. తీగలు మార్చడం అవగానే సింహాద్రిని కూడా పంపేశాడు. నా ఎదుటే నా మాట చెల్లనట్టు చేస్తున్నాడని నాకు ఒళ్ళు మండింది. బటన్ నొక్కాను.

స్టిర్రర్ తిరిగింది. లోపలినుంచి గరగరమని శబ్దం వచ్చింది. "విన్నావా?" అన్నాను గర్వంగా.

ఆ తర్వాత ఇంకో శబ్దం మొదలైంది. పెద్ద గుండిగెలో ఎసరు పొంగే ముందు వచ్చే శబ్దం. వేడి చూపించే ముల్లు నేను చూస్తుండగానే ఎక్కింది. కండెన్సర్ మూలిగింది. కాలికింద ఇనప రేకు వణికింది. నేను ముల్లు వైపే చూస్తూ కదలకుండా నిలబడిపోయాను. లెక్కలన్నీ వచ్చిన మనిషికి కాళ్ళు రాలేదు. అప్పలనాయుడు మోటారు ఆపి, నా భుజం పట్టుకుని మెట్ల వైపు తోశాడు.

"దిగమ్మా! తరవాత సూద్దువు గానీ!"

సగం మెట్లు దిగేసరికి పైకప్పు మీద, ఆవిరి బయటికి పోయే వెంట్ గొట్టం నుంచి నల్లగా పొంగు ఎగిరింది. తాటిచెట్టంత ఎత్తు లేచి, ఆగి, వానలా కురిసింది. ఇనప మడ్డి. అటు షెడ్డు మీద, ఇటు క్యాంటీన్ మీద, ఆరేసిన టేబుల్ గుడ్డల మీద, గోడ మీద వాలిన కొంగల మీద. సరిగ్గా అప్పుడే తెల్ల కారు దిగి తలెత్తి చూసిన విశ్వనాథం గారి మీద.

పావుగంటకి పాత్ర నెమ్మదించింది. అదృష్టం, వెంట్ గొట్టం వెడల్పుగా ఉంది, పాత్ర పగల్లేదు. నైట్రో వాల్వు కట్టేసి ఉంది, చల్లనీళ్ళు తిరుగుతున్నాయి, పైన మనుషులు లేరు. ఇందులో ఒక్కటి కూడా నేను చేసిన పని కాదు. మెట్ల కింద కూలబడి మనుషుల్ని లెక్కపెట్టాను. నాలుగుసార్లు లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు.

విశ్వనాథం గారు నల్లగా నడిచొచ్చారు. కళ్ళూ పళ్ళూ తప్ప తెలుపు ఎక్కడా లేదు. ఆయన అడిగిన మొదటి మాట:

"బ్యాచ్ అయిపోయిందా?"

మెచ్చుకోలు

అయిపోయింది. అదే నా కష్టం. ల్యాబు వాళ్ళు చూసి చుక్క నైట్రో కూడా మిగల్లేదన్నారు. మూడు వారాల్లో శుభ్రంగా పూర్తయిన బ్యాచ్ అదొక్కటే.

మర్నాడు మీటింగు. విశ్వనాథం గారు కొత్త తెల్ల చొక్కాలో వచ్చారు, చెవి వెనక కొంచెం నలుపు మిగిలింది. నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. సమస్య కనిపెట్టిన పట్టుదలట. తీగలు తప్పు బిగించినందుకు సింహాద్రికి మెమో ఇస్తున్నారట. ఆ తర్వాత ఇంకో మాటన్నారు.

"నాకొక ఆలోచన వచ్చిందమ్మా. అయిదు గంటలు కలపకుండా పోసి, ఆఖర్న ఒక్కసారి కలిపితే పావుగంటలో అయింది కదా. కాస్త పెద్ద వెంట్ పెట్టుకుని రోజూ అలాగే చేస్తే?"

ఎవరూ నవ్వలేదు. ఆయన నిజంగానే అడుగుతున్నారు. నేను నోరు మూసుకుంటే నాకు మెచ్చుకోలు, సింహాద్రికి మెమో, ఫ్యాక్టరీకి రోజుకొక నల్లవాన. ఏదో ఒకరోజు ఆ వానలో మనుషులు కూడా ఉంటారు. నోరు తెరవాలంటే నా గురించి చెప్పుకోవాలి. పది మంది మగవాళ్ళున్న గదిలో ఒక్కదాన్ని ఆడ ఇంజనీరుని. తప్పు ఒప్పుకుంటే అది నా ఒక్కదాని తప్పుగా మిగలదని నాకు తెలుసు. గ్లాసుడు నీళ్ళు తాగి లేచాను.

"సార్, స్టిర్రర్ రివర్సులో తిరుగుతోందని అప్పలనాయుడు మూడు వారాల కిందటే చెప్పాడు, నేను వినలేదు. నిన్న తిప్పొద్దని చెప్పాడు, అదీ వినలేదు. అయిదు గంటల సరుకు లోపల పేరుకుని ఉండగా బటన్ నొక్కింది నేను. నిన్న మనుషులు బతికారంటే ఆయన నా మాట వినకపోవడం వల్ల. సింహాద్రి తీగలు తప్పు పెట్టాడు, నిజమే. బాణం గుర్తు మీద రంగేయించింది మనమే."

విశ్వనాథం గారు సింహాద్రి మెమో పక్కకి జరిపారు. "అయితే మెమో మీకివ్వాలి కదమ్మా," అన్నారు.

"ఇవ్వండి సార్."

ఇచ్చారు. పెద్ద వెంట్ మాట మళ్ళీ ఎత్తలేదు. మీటింగయ్యాక ఆపి, "పెళ్ళి సాంబారు చెప్పారు చూడండి, అలాగే ఇదీ ముందే చెప్పాల్సింది," అన్నారు. నాకే తెలియలేదు సార్ అన్నాను. ఆ మాట అన్నాక ఒళ్ళు తేలికైంది.

ఎవుల కోసం రాసినారు

స్టిర్రర్ ఆగిపోయాక మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో పద్ధతి రాసే పని నాకే పడింది. పదకొండు పేజీలు, ఇంగ్లీషులో, పట్టికలతో రాశాను. అప్పలనాయుడికి చూపించాను. ఆయన ఒక్కో పేజీ తిప్పి, అంచులు సరిచేసి, తిరిగిచ్చాడు.

"బాగున్నాదమ్మా. ఇది ఎవుల కోసం రాసినారు?"

నిజమే. స్టిర్రర్ ఆగినప్పుడు అక్కడుండేది నేను కాదు. ఇద్దరం రియాక్టర్ పక్కన స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. ఆయన చెప్పాడు, నేను రాశాను. పెద్ద అక్షరాల్లో రాయించి పాత్ర పక్కన బోర్డు పెట్టించాం. ఆయన మాటలు మార్చలేదు.

తిప్పుడు ఆగినాదంటే పోత ఆపాల.
సల్లనీళ్ళు ఇప్పి ఉంచాల.
ఎంత పోసినామో, ఎంత మారినాదో ల్యాబుని అడగాల.
అడిగినాక తిప్పితే కూసింత తిప్పి ఆపాల, ముల్లు సూడాల, మళ్ళీ కూసింత తిప్పాల.
ఆత్రం ఉన్నోలు కిందకి దిగిపోవాల.

మరుసటి ఏడు మా సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒక తనిఖీ అధికారి వచ్చాడు. పెద్దమనిషి, కళ్ళజోడు, ప్రతి బోర్డు ముందూ ఆగేవాడు. పక్కనే విశ్వనాథం గారు. క్యాంటీన్లో ప్రత్యేకంగా కోడి పలావు చేయించారు, చల్లారిపోతోందని గడియారం చూస్తూ, "ముందు భోజనం చేసొద్దాం, తర్వాత చూడొచ్చు," అని తొందర పెడుతున్నారు. అధికారి నాలుగో రియాక్టర్ దగ్గర ఆగాడు. బోర్డుమీద ఏం రాసుందని ఇంగ్లీషులో అడిగాడు.

నేను ఒక్కో వాక్యం మార్చి చెప్పాను. ప్రతిదానికీ తల ఊపాడు. ఆఖరి వాక్యం దగ్గర నాకు నవ్వొచ్చింది. ఆపుకుని అదీ చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది ఆపరేటర్లకేనా, మేనేజర్లకి కూడానా?" అన్నాడు.

నేను బోర్డు వైపు చూశాను. అప్పలనాయుడు రియాక్టర్ గోడకి చెయ్యానించి నిలబడ్డాడు. విశ్వనాథం గారు మా ముగ్గురినీ ఒకసారి చూశారు. గడియారం మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నారు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి కిందకి వెళ్ళిపోయారు.